ఏడో నెలలో ఫ్లూ టీకా: పుట్టబోయే బిడ్డకు అందే రక్షణ ఎంత, ఎన్నాళ్లు?

కరీంనగర్ నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆమెకు ఇది తొలి కాన్పు. ప్రస్తుతం 29వ వారం నడుస్తోంది, ఆగస్టు చివరి వారంలో కాన్పు కావచ్చని చెప్పారు. ఆమెను చూస్తున్న గైనకాలజిస్టు ఫ్లూ టీకా వేయించుకోమని రాసిచ్చారు. ధనుర్వాతం రాకుండా ఇచ్చే సూదులు తప్ప కడుపుతో ఉన్నప్పుడు మరే సూదీ వద్దని ఇంట్లో పెద్దలు అంటున్నారు. తెలిసిన మరో డాక్టరు, రక్షణ ఎలాగూ తల్లిపాల ద్వారా అందుతుంది కనుక కాన్పు అయ్యాక వేయించుకున్నా సరిపోతుందన్నారు. టీకా వల్ల బిడ్డకు హాని ఉంటుందా, ఉపయోగం ఉంటుందా, ఉంటే ఎన్నాళ్లు ఉంటుంది, ఎప్పుడు వేయించుకోవాలి అన్నవి ఆమె సందేహాలు.

నా సమాధానం ముందే చెబుతాను: ఇప్పుడే, వీలైతే ఈ వారంలోనే వేయించుకోండి. శిశువైద్యుడిగా ఎన్నో ఏళ్లుగా నవజాత శిశువులను చూస్తున్న నేను ఈ ప్రశ్నను తల్లి వైపు నుంచి కాక బిడ్డ వైపు నుంచి చూస్తాను. మీ బిడ్డ ఏ నెలలో పుడుతుంది, ఆ తర్వాతి ఆరు నెలల్లో మన ప్రాంతంలో ఫ్లూ ఎప్పుడు ఎక్కువగా ఉంటుంది, ఆ సమయానికి బిడ్డ ఒంట్లో తల్లి నుంచి వచ్చిన రక్షణ ఎంత మిగిలి ఉంటుంది అన్న లెక్క వేసుకుంటే, మీ సందేహాలు చాలావరకు వాటంతట అవే తీరిపోతాయి.

ఆరు నెలలు నిండని బిడ్డకు వేయడానికి అనుమతి ఉన్న ఫ్లూ టీకా ప్రపంచంలో ఎక్కడా లేదు. అంత చిన్న వయసులో బిడ్డ రోగనిరోధక వ్యవస్థ ఈ టీకాకు సరిగ్గా స్పందించదు. అదే సమయంలో, ఫ్లూతో ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చే పిల్లల్లో ఎక్కువ ప్రమాదం ఉన్నది సరిగ్గా ఈ ఆరు నెలల లోపు వారికే. వారి శ్వాసనాళాలు సన్నగా ఉంటాయి, కొద్దిపాటి వాపు, కఫంతోనే ఊపిరి ఆడటం కష్టమవుతుంది. ముక్కు మూసుకుపోతే పాలు తాగలేరు, పాలు తాగకపోతే ఒకటి రెండు రోజుల్లోనే నీరసించిపోతారు. టీకా పనిచేయని వయసూ, జబ్బు ఎక్కువగా బాధించే వయసూ ఒకటే కావడమే ఇక్కడి చిక్కు. ఆ చిక్కును దాటడానికి మనకున్న మార్గం, బిడ్డ కడుపులో ఉండగానే తల్లి చేత ఆ రక్షణను తయారు చేయించి బిడ్డకు పంపించడం.

అది బిడ్డకు చేరే విధానం తెలిస్తే, టీకా ఎప్పుడు వేయించుకోవాలన్న ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. టీకా తీసుకున్న సుమారు రెండు వారాలకు తల్లి రక్తంలో ఫ్లూ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు తగినంతగా తయారవుతాయి. వాటిలో ఐజీజీ అనే రకం ఒక్కటే మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డ రక్తంలోకి వెళ్లగలదు. ఐజీఏ, ఐజీఎం రకాలు దాటలేవు. ఐజీజీ కూడా ఊరికే వడగట్టినట్లు దిగదు, మాయ పైపొరలోని ప్రత్యేకమైన గ్రాహకాలు దాన్ని పట్టుకుని ఇవతలి నుంచి అవతలికి చేరవేస్తాయి. ఈ రవాణా నాలుగో నెలలో సన్నగా మొదలవుతుంది. 17 నుంచి 22 వారాల మధ్య బిడ్డ రక్తంలోని ఐజీజీ తల్లిలో ఉన్న దానిలో పదో వంతు మాత్రమే ఉంటుంది, 28 నుంచి 32 వారాల మధ్య సగానికి చేరుతుంది, నెలలు నిండేసరికి తల్లి కంటే బిడ్డలోనే ఎక్కువగా ఉంటుంది. అంటే గర్భంలోని చివరి రెండున్నర నెలలే బిడ్డకు తల్లి నుంచి ఈ ఆస్తి బదిలీ అయ్యే అసలు కాలం. మీరు సరిగ్గా ఆ కాలం మొదట్లో ఉన్నారు.

కాన్పు అయ్యాక టీకా వేయించుకుంటే బిడ్డకు ఈ మార్గం మూసుకుపోతుంది. బొడ్డుతాడు కోసిన తర్వాత తల్లి రక్తంలో ఎంత యాంటీబాడీ తయారైనా అది బిడ్డ రక్తానికి చేరదు. తల్లిపాల ద్వారా రక్షణ అందుతుందన్న మాట అబద్ధం కాదు. గర్భంలో ఫ్లూ టీకా తీసుకున్న తల్లుల పాలలో ఫ్లూకు వ్యతిరేకంగా పనిచేసే ఐజీఏ ఎక్కువగా ఉన్నట్లు బంగ్లాదేశ్‌లో జరిగిన పరిశీలన చూపించింది. అయితే పాలలోని ఐజీఏ బిడ్డ నోరు, గొంతు, పేగుల లోపలి పొరల మీద కాపలా కాస్తుందే తప్ప రక్తంలోకి చేరి ఊపిరితిత్తుల లోతుల్లో పోరాడే ఐజీజీకి బదులు కాలేదు. రెండూ కావాలి. మాయ ద్వారా వచ్చేది గర్భంలో టీకా వేయించుకుంటేనే వస్తుంది, పాల ద్వారా వచ్చేది కూడా అదే టీకాతో పెరుగుతుంది. ఏ కారణం చేతనైనా గర్భంలో టీకా తప్పిపోయిన వారు కాన్పు తర్వాతైనా వేయించుకోవడం మంచిదే, ఎందుకంటే బిడ్డను రోజంతా ఒళ్లో పెట్టుకునే తల్లికి ఫ్లూ రాకుండా ఉండటమే బిడ్డకు ఒక రక్షణ. కానీ దాన్ని మొదటి ఎంపికగా సలహా ఇవ్వడాన్ని నేను ఒప్పుకోను. ఆగస్టు చివర కాన్పయ్యాక టీకా తీసుకుని, అది పనిచేయడానికి మరో రెండు వారాలు ఆగేసరికి, వానాకాలపు ఫ్లూ ఉధృతిలో బిడ్డ తొలి రోజులు గడిచిపోయి ఉంటాయి.

ఇక ఉపయోగం ఎంత అన్న ప్రశ్న. దీనిపై మన ఉపఖండంతో కలిపి నాలుగు దేశాల్లో పరీక్షలు జరిగాయి. వాటిలో మొదటిది 2004, 2005 సంవత్సరాల్లో ఢాకాలో జరిగి 2008లో ప్రచురితమైంది. 340 మంది గర్భిణులలో కొందరికి చివరి మూడు నెలల్లో ఫ్లూ టీకా, మిగిలిన వారికి పోలిక కోసం న్యుమోకోకల్ (న్యుమోనియా కలిగించే ఒక బాక్టీరియాకు వ్యతిరేకంగా వేసే) టీకా ఇచ్చి, పుట్టిన పిల్లలను ఆరు నెలల వరకు గమనించారు. ఫ్లూ టీకా తీసుకున్న తల్లుల బిడ్డల్లో ప్రయోగశాలలో నిర్ధారించిన ఫ్లూ 63 శాతం తగ్గింది, జ్వరంతో కూడిన శ్వాస సంబంధ జబ్బులు తల్లుల్లో 36 శాతం, పిల్లల్లో 29 శాతం తగ్గాయి. చిన్న పరీక్షే అయినా, దాని ఫలితాల ఊతంతోనే దక్షిణాఫ్రికాలోని సొవెటోలో, నేపాల్‌లోని సర్లాహీ జిల్లాలో, మాలీలో వేల మందితో పరీక్షలు జరిగాయి. సొవెటోలో హెచ్ఐవీ లేని తల్లుల బిడ్డల్లో ఫ్లూ దాదాపు 49 శాతం తగ్గింది. నేపాల్‌లో 30 శాతం తగ్గింది, అక్కడ టీకా తీసుకున్న తల్లుల బిడ్డలు సగటున 42 గ్రాముల బరువు ఎక్కువగా పుట్టారు కూడా. మాలీలో ఆరు నెలల మొత్తానికి చూస్తే 33 శాతమే, కానీ మొదటి నాలుగు నెలలకు చూస్తే 68 శాతం తగ్గుదల కనిపించింది.

ఈ అంకెలు ఒకదానితో ఒకటి కలవడం లేదే అని మీకు అనిపించవచ్చు. ఫ్లూ వైరస్ ఏటా రూపం మార్చుకుంటుంది, ఆ ఏడాది టీకాలోని రకాలు ఊళ్లో తిరుగుతున్న రకాలతో ఎంత బాగా సరిపోలితే రక్షణ అంత ఎక్కువ. నేపాల్, మాలీ, దక్షిణాఫ్రికా పరీక్షల వివరాలన్నీ ఒకచోట కలిపి 2020లో చేసిన విశ్లేషణ మీ ‘ఎన్నాళ్లు’ అన్న ప్రశ్నకు సూటిగా జవాబిస్తుంది. ఆరు నెలల మొత్తానికి బిడ్డకు రక్షణ 35 శాతంగా తేలింది. విడదీసి చూస్తే మొదటి రెండు నెలల్లో 56 శాతం, రెండు నుంచి నాలుగు నెలల మధ్య 39 శాతం, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య 19 శాతం. చివరి అంకె గణాంక శాస్త్రం ప్రకారం నమ్మదగినంత స్పష్టంగా కూడా లేదు. కారణం సులభమే: తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలను బిడ్డ శరీరం కొత్తగా తయారు చేసుకోలేదు, ఉన్నవి సుమారు ఆరు వారాలకు ఒకసారి సగానికి తగ్గుతూ పోతాయి.

కొందరు వైద్యులే ఈ 35 శాతాన్ని చూసి, ఇంత తక్కువ రక్షణ కోసం గర్భిణికి సూది ఎందుకని అడుగుతారు. నేను ఆ వాదనను అంగీకరించను. ఆరు నెలల సగటు తీసుకోవడం వల్ల రక్షణ బలంగా ఉన్న కాలం, బలహీనపడిన కాలం కలిసిపోయి ఆ అంకె చిన్నదిగా కనిపిస్తోంది. బిడ్డకు అతి ఎక్కువ ప్రమాదం ఉన్నది మొదటి రెండు మూడు నెలల్లో, సరిగ్గా ఆ నెలల్లోనే రక్షణ అన్నిటికంటే ఎక్కువ. పైగా అదే పరీక్షల్లో, కారణం ఏదైనా సరే, పిల్లల్లో తీవ్రమైన న్యుమోనియా కూడా సుమారు 20 శాతం తగ్గిందని తేలింది. ఒక్క సూదితో తల్లికి ఫ్లూ ముప్పు సగానికి తగ్గి, బిడ్డకు తొలి రెండు నెలల్లో సగానికి పైగా తగ్గడం చిన్న విషయం కాదు. అయితే ఇది పూర్తి రక్షణ కాదన్న సంగతి కూడా మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి. టీకా వేయించుకున్నాం కదా అని తక్కిన జాగ్రత్తలు వదిలేసేవారిని చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది.

ఇప్పుడు మన ప్రాంతపు కాలాల లెక్కకు వద్దాం. మన దేశంలో చాలా ప్రాంతాల్లో ఫ్లూ వానలతో పాటు పెరుగుతుంది. జూన్ చివర మొదలై జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉధృతంగా ఉంటుంది. కశ్మీరు వంటి చోట్ల మాత్రం చలికాలంలో ఎక్కువ, చెన్నై, వెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వేళ అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ. వానాకాలపు ఉధృతి తర్వాత జనవరి నుంచి మార్చి వరకు మరో పెరుగుదల కూడా చాలా ఏళ్లలో కనిపిస్తుంది. 2015 మొదట్లో హైదరాబాదులో గాంధీ ఆసుపత్రి స్వైన్ ఫ్లూ రోగులతో నిండిపోయిన సంగతి తెలంగాణలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది దేశం మొత్తం మీద 42 వేలకు పైగా కేసులు, మూడు వేలకు దగ్గరగా మరణాలు నమోదయ్యాయి.

మీ బిడ్డ ఆగస్టు చివర పుడితే తొలి నెల వానాకాలపు ఉధృతిలోనే గడుస్తుంది. ఇప్పుడు టీకా తీసుకుంటే కాన్పు నాటికి ఇంచుమించు పదకొండు వారాల వ్యవధి ఉంటుంది, యాంటీబాడీలు తయారు కావడానికి, మాయ దాటి వెళ్లడానికి అది పుష్కలంగా సరిపోతుంది. ఆ తొలి నెలల్లో బిడ్డకు మంచి రక్షణ ఉంటుంది. జనవరి వచ్చేసరికి బిడ్డ వయసు నాలుగు నెలలు దాటుతుంది, మీ నుంచి వచ్చిన రక్షణ చాలావరకు తగ్గిపోతుంది, సరిగ్గా అప్పుడు చలికాలపు ఫ్లూ పెరగవచ్చు. కాబట్టి మీ బిడ్డ విషయంలో నేను ఎక్కువగా ఆలోచించేది సంక్రాంతి నుంచి శివరాత్రి వరకు ఉన్న ఆ వ్యవధి గురించే. దాని కోసం ఏం చేయాలో కింద చెబుతాను. అదే మీకు కాన్పు డిసెంబరులో ఉండి ఇప్పుడు నాలుగో నెల అయి ఉంటే నా సలహా కొద్దిగా మారేది. అప్పుడు కూడా వానాకాలంలో మిమ్మల్ని కాపాడుకోవడానికి వెంటనే వేయించుకోమనే చెప్పేవాణ్ణి, కానీ బిడ్డకు అందే రక్షణ తక్కువగా ఉండవచ్చని ముందే హెచ్చరించేవాణ్ణి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో గర్భిణులను ఫ్లూ టీకాకు అత్యంత ప్రాధాన్యం ఇవ్వవలసిన వర్గంగా ప్రకటించి, ఏ నెలలోనైనా ఇవ్వవచ్చని చెప్పింది. మన దేశపు ప్రసూతి వైద్య నిపుణుల సమాఖ్య ఫాగ్సీ 26 వారాల నుంచి ఇవ్వాలని, మహమ్మారి వంటి పరిస్థితుల్లో అంతకంటే ముందే ఇవ్వవచ్చని సూచించింది. మీరు 29వ వారంలో ఉన్నారు కనుక ఏ సలహా ప్రకారం చూసినా ఇదే తగిన సమయం. ఇంకో నెల ఆగితే రవాణా మరింత బాగా జరుగుతుందేమో అన్న ఆలోచన వద్దు. మన దగ్గర నెలలు నిండకుండానే కాన్పులు కావడం తక్కువేమీ కాదు, 34వ వారంలో వేయించుకుందామని ఆగిన తల్లికి 35వ వారంలో నొప్పులు వస్తే ఆ టీకా ఫలం బిడ్డకు అందదు. నెల తక్కువగా పుట్టిన బిడ్డకే ఈ రక్షణ అవసరం ఎక్కువ.

బిడ్డ గురించే మాట్లాడుతున్నాను కానీ తల్లికున్న ముప్పు కూడా చిన్నది కాదు. నెలలు గడిచేకొద్దీ గర్భాశయం, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఉదరవితానాన్ని నాలుగు సెంటీమీటర్ల వరకు పైకి నెడుతుంది, ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండే గాలి సుమారు ఐదో వంతు తగ్గుతుంది, ఆక్సిజన్ అవసరం మాత్రం అంతే మేర పెరుగుతుంది. అందువల్ల ఇతరులకు నాలుగు రోజుల జ్వరంగా పోయే ఫ్లూ గర్భిణిలో న్యుమోనియాగా మారవచ్చు. 1918 నాటి మహమ్మారిలో అమెరికాలో 1,350 మంది గర్భిణుల వివరాలు సేకరిస్తే వారిలో 27 శాతం మంది మరణించినట్లు తేలింది. 1957 మహమ్మారిలో మిన్నెసోటా రాష్ట్రంలో ఫ్లూతో చనిపోయిన, పిల్లలను కనే వయసులోని స్త్రీలలో సగం మంది గర్భిణులే. 2009లో అమెరికా జనాభాలో గర్భిణులు ఒక శాతమే అయినా స్వైన్ ఫ్లూ మరణాల్లో వారి వాటా ఐదు శాతం. మన దేశంలో ఆ వైరస్ తొలి కేసు బయటపడింది 2009 మే నెలలో హైదరాబాదులోనే. అదే వైరస్ ఇప్పుడు ఏటా వచ్చే సాధారణ ఫ్లూ రకాల్లో ఒకటిగా స్థిరపడింది, ఏటా తయారయ్యే టీకాలో దానికీ చోటు ఉంటుంది. కనుక స్వైన్ ఫ్లూకు వేరే టీకా ఉందేమోనని వెతకవలసిన పని లేదు.

మీ ఇంటి పెద్దల భయం గురించి గౌరవంతోనే చెబుతాను. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు ఏ మందునైనా అనుమానించడం మంచి అలవాటు, ఆ అలవాటు వల్ల ఎందరో బిడ్డలు కాపాడబడ్డారు. అయితే ఈ టీకాలో బతికి ఉన్న వైరస్ ఉండదు. చంపిన వైరస్‌లోని ముక్కలు మాత్రమే ఉంటాయి కనుక టీకా వల్ల తల్లికి గానీ బిడ్డకు గానీ ఫ్లూ రావడం అసాధ్యం. బతికి ఉన్న వైరస్‌ను బలహీనపరిచి ముక్కులో చుక్కలుగా, స్ప్రేగా ఇచ్చే టీకా వేరే ఉంది. దాన్ని గర్భిణులకు ఇవ్వకూడదు, సూది రూపంలోనిదే కావాలని అడగండి. గర్భిణులకు ఫ్లూ టీకా ఇవ్వాలన్న సిఫారసు అమెరికాలో 1960 నుంచే ఉంది, అంటే ఈ టీకా తీసుకున్న తల్లుల బిడ్డలు ఇప్పుడు తాతలు, అమ్మమ్మలు అయి ఉంటారు. నార్వేలో 2009 మహమ్మారి కాలంలో లక్షకు పైగా గర్భాలను పరిశీలించినప్పుడు టీకా వల్ల కడుపులో బిడ్డ చనిపోవడం పెరగలేదని, ఫ్లూ సోకిన తల్లుల్లో మాత్రం ఆ ముప్పు దాదాపు రెట్టింపు ఉందని తేలింది.

ఇంటర్నెట్టులో మీకు మరో పరిశీలన కూడా కనిపించవచ్చు. 2017లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం, వరుసగా రెండు ఏళ్లు టీకా తీసుకున్న వారిలో తొలి వారాల్లో గర్భస్రావం ఎక్కువగా ఉండవచ్చన్న అనుమానాన్ని లేవనెత్తింది. దాన్ని కొట్టిపారేయకుండా అదే బృందం ఎక్కువ మందితో, మరిన్ని సంవత్సరాలకు మళ్లీ పరిశీలించి, అలాంటి సంబంధం లేదని 2019లో ప్రకటించింది. మీరు తొలి మూడు నెలలు ఎప్పుడో దాటారు కనుక ఆ అనుమానం మీకు వర్తించేది కూడా కాదు. సూది వేసిన చోట ఒకటి రెండు రోజులు నొప్పి, కొద్దిపాటి ఒళ్లు నొప్పులు, ఒక్కోసారి జ్వరం రావచ్చు. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకోవచ్చు. గతంలో ఫ్లూ టీకాకే తీవ్రమైన ఎలర్జీ వచ్చినవారు వేయించుకోకూడదు, టీకా తర్వాత ఆరు వారాల్లోపు గిలన్ బారే అనే నరాల జబ్బు వచ్చినవారు డాక్టరుతో చర్చించకుండా వేయించుకోకూడదు. గుడ్డు పడనివారు కూడా ఇప్పుడు వేయించుకోవచ్చు. మధుమేహం, ఉబ్బసం, బీపీ, థైరాయిడ్ ఉన్నవారు మానుకోవడం కాదు, మరింత ముందుగా వేయించుకోవాలి.

టీకా కొనేటప్పుడు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి, వీటిని తరచుగా ఎవరూ చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతుంది, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో. మనం ఉత్తరార్ధగోళంలో ఉన్నా, మనకు ఫ్లూ వానాకాలంలో వస్తుంది కనుక ఏప్రిల్, మే నెలల్లో మార్కెట్లోకి వచ్చే దక్షిణార్ధగోళపు టీకా మన వానలకు ముందు సరిగ్గా పనికొస్తుంది. పెట్టె మీద సంవత్సరం, అర్ధగోళం ముద్రించి ఉంటాయి. పోయిన చలికాలం కోసం వచ్చి గడువు ముగిసే దశలో ఉన్న పాత టీకాను జూన్ నెలలో అంటగడితే తీసుకోవద్దు. ఇది ప్రభుత్వ సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు కనుక ఏఎన్ఎం దగ్గర దొరకకపోవచ్చు, ప్రైవేటులో డబ్బు పెట్టి కొనవలసి వస్తుంది. ఆ భారం అందరూ మోయలేరు. మన రాష్ట్రాల్లో గర్భిణులందరికీ ఇది ఉచితంగా అందాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. మందుల షాపులో కొని, చేతిసంచిలో వేసుకుని, ఎండలో బస్సెక్కి ఆసుపత్రికి తీసుకువెళ్లే అలవాటు మన ఊళ్లలో ఉంది. అలా తెచ్చిన టీకా పాడై ఉండవచ్చు, గడ్డకట్టినా పాడవుతుంది. డాక్టరు దగ్గరే ఫ్రిజ్‌లో ఉన్నది వేయించుకోవడం మేలు, తప్పనిసరై బయట కొంటే ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో, ఐస్ నేరుగా తగలకుండా తేవాలి. సూదిని భుజం కండకు వేస్తారు. ధనుర్వాతం రాకుండా ఇచ్చే టీడీ టీకా బాకీ ఉంటే అదే రోజు రెండో చేతికి వేయించుకోవచ్చు. కోరింత దగ్గు నుంచి బిడ్డను కాపాడే టీడాప్ టీకా కూడా 27 నుంచి 36 వారాల మధ్యే ఇస్తారు, దాని గురించి కూడా మీ డాక్టరును అడగండి, ఎందుకంటే అది కూడా మాయ ద్వారానే పనిచేస్తుంది.

కాన్పు కోసం మీరు పుట్టింటికి వెళ్లే అవకాశం ఎక్కువ కనుక అక్కడి వారి గురించి కూడా ఆలోచించాలి. బిడ్డకు ఫ్లూ ఆకాశం నుంచి ఊడిపడదు, ఎత్తుకున్న చేతుల నుంచి, ముద్దు పెట్టుకున్న మొహాల నుంచి వస్తుంది. మీ అమ్మగారు, నాన్నగారు, మీ భర్త, ఇంట్లో బడికి వెళ్లే పిల్లలు ఉంటే వారు జూలైలోపు ఈ టీకా వేయించుకుంటే మీ బిడ్డ చుట్టూ ఇంకో రక్షణ ఏర్పడుతుంది. ముఖ్యంగా జనవరి నాటికి మీ నుంచి వచ్చిన రక్షణ తగ్గినప్పుడు బిడ్డను ఆదుకునేది ఇదే. బారసాల వానాకాలంలో పడుతుంది, జనం ఎక్కువగా వస్తారు. జలుబు, దగ్గు ఉన్నవారు తర్వాత వచ్చి చూడవచ్చని ఇంటి పెద్దల చేత చెప్పించండి, వచ్చినవారు చేతులు కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. సంక్రాంతికి బిడ్డను ఊళ్లు తిప్పడం, కిక్కిరిసిన బస్సుల్లో ప్రయాణాలు చేయించడం ఈ ఒక్క ఏడాదికి మానుకోగలిగితే మంచిది.

కాన్పయిన గంటలోపు ముర్రుపాలు పట్టించండి. చిక్కగా, పసుపుపచ్చగా ఉన్నాయని వాటిని పిండి పారబోసే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. ఐజీఏ అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఆ తొలి రోజుల పాలలోనే. మీకే ఫ్లూ వచ్చినా పాలు మాన్పించకండి, ఎందుకంటే ఫ్లూ పాల ద్వారా సోకదు. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పట్టవచ్చు, నీరసంగా ఉంటే పిండి ఇంకొకరి చేత పట్టించవచ్చు.

టీకా వేయించుకున్నా కాన్పులోపు మీకు 100 డిగ్రీలు దాటిన జ్వరం, గొంతు నొప్పి, దగ్గు, ఒళ్లు నొప్పులు మొదలైతే అదే రోజు డాక్టరును కలవండి. ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే మందు ఉంది, లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, గర్భిణులకు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు గర్భిణులను పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఈ మందు మొదలుపెట్టవలసిన వర్గంలో చేర్చాయి. ఆయాసం, ఛాతీలో నొప్పి, మగత, బిడ్డ కదలికలు తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

బిడ్డ విషయంలో అంతకంటే జాగ్రత్త కావాలి. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే, అది ఫ్లూ అని మనం అనుకున్నా మరొకటి అనుకున్నా, ఇంట్లో మందు వేసి చూడటం పనికిరాదు. చంటిబిడ్డల్లో ఫ్లూ ఒక్కోసారి జ్వరం లేకుండా కూడా వస్తుంది. పాలు సరిగ్గా తాగకపోవడం, ఒళ్లు చల్లబడటం, ఎక్కువగా నిద్రపోవడం, మధ్యమధ్య ఊపిరి ఆగినట్లు ఉండటం, పక్కటెముకల కింద చర్మం లోపలికి లాగడం ప్రమాద సూచనలు. బిడ్డ నిద్రపోతున్నప్పుడు పూర్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు లేక అంతకంటే ఎక్కువగా, రెండు నెలలు దాటిన బిడ్డ 50 సార్లు లేక అంతకంటే ఎక్కువగా ఊపిరి తీస్తుంటే వెంటనే చూపించాలి. ఈ లెక్క మీ అమ్మగారికి కూడా నేర్పండి, రాత్రిపూట బిడ్డను కనిపెట్టుకుని ఉండేది ఎక్కువగా ఆమే.

ఫిబ్రవరి చివరికి మీ బిడ్డకు ఆరు నెలలు నిండుతాయి, అప్పటి నుంచి బిడ్డకే ఫ్లూ టీకా వేయవచ్చు. మొదటి ఏడాది నాలుగు వారాల వ్యవధితో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి. భారత శిశువైద్యుల సంఘం ఐదేళ్ల వయసు వరకు ఏటా వేయించమని సిఫారసు చేస్తోంది. ఫిబ్రవరి చివర మీ ఊళ్లో ఫ్లూ ఇంకా తిరుగుతూ ఉంటే, అప్పుడు దొరికే చలికాలపు టీకాతోనే మొదటి డోసు వేయించేయండి. తగ్గిపోయి ఉంటే మీ శిశువైద్యుడిని అడిగి, ఏప్రిల్ నుంచి వచ్చే కొత్త టీకాతో మొదలుపెట్టి, రెండు డోసులూ తొలకరి పడేలోపు పూర్తయ్యేలా చూసుకోండి. మీరు ఇప్పుడు వేయించుకునే టీకా తేదీని, పెట్టె మీది బ్యాచ్ నంబరును మాతా శిశు సంరక్షణ కార్డులో రాయించుకుని కాన్పుకు వెంట తీసుకువెళ్లండి. బిడ్డను చూసే డాక్టరుకు ఆ తేదీ తెలిస్తే, బిడ్డకు ఎన్ని వారాల రక్షణ అంది ఉంటుందో లెక్క వేసుకోవడం సులభమవుతుంది.